ఏరన్న తిరిగొచ్చిన సాయంత్రం

వెనకటికి ఒకానొక కొండసీమ రాజ్యంలో నాగోజీ అనే తోలుబొమ్మలాటగాడు ఉండేవాడు. మూడు సాయంత్రాలు ఆడే ఏరన్న కథ అతను సొంతంగా అల్లినదే. పడవ నడిపే ఏరన్న వరదలో ఊరందరినీ ఒడ్డుకు చేర్చి, చివరికి తాను ఏటిలో కలిసిపోతాడు. నీళ్ళంటేనే వణికే అతని కూతురు చిట్టి మర్నాడు తెడ్డు చేతబడుతుంది. అక్కడితో కథ ముగుస్తుంది.

నాగోజీ పోయాక బొమ్మలు కూతురు అంబుబాయి చేతికొచ్చాయి. ఏడాది తిరక్కుండానే రాజు ప్రతాపదేవుడి నుంచి కబురు వచ్చింది. బిరుదులన్నీ చదివితే గాని సింహాసనం ఎక్కని రాజాయన. నాలుగో సాయంత్రం కూడా ఆడాలని, ఏరన్న బతికి రావాలని, అందులో తమ తాతగారు కూడా ఒక బొమ్మగా వచ్చి అతనికి బంగారు తెడ్డు బహూకరించాలని సెలవిచ్చాడు. కాదంటే బొమ్మలు కోట కొట్టులోకి పోతాయన్నాడు.

అంబుబాయి ఇంటికొచ్చి ఏరన్న బొమ్మను ఒళ్ళో పెట్టుకుంది. దాని భుజం దగ్గర తండ్రి వేసిన కుట్లున్నాయి. పోయినవాళ్ళు తిరిగొస్తే బాగుండునని ఆ ఏడాదిలో ఆమె అనుకోని రోజు లేదు. అందుకే రాజు మీద ఆమెకు కోపం రాలేదు. ఆడతానని కబురు చేసింది.

నాలుగో సాయంత్రం కోట ముందు జనం కిక్కిరిసిపోయారు. తెర మీదికి ఏరన్న రాగానే ఈలలు, చప్పట్లు. రాజు మీసం దువ్వుకున్నాడు.

తెర మీద చిట్టి నడియేట్లో పడవ నడుపుతోంది. తండ్రిని చూడగానే ఒడ్డుకొచ్చి తెడ్డు ఆయన చేతిలో పెట్టేసింది. ఇక నువ్వున్నావుగా నాన్నా, నాకు నీళ్ళంటే భయం అంటూ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఏరన్న పోయాక అతని పేరున ఒడ్డున దీపం పెట్టిన ఒక ముసలమ్మ వచ్చి ఆ దీపం ఆర్పుకుపోయింది. చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరుసలో ఒకావిడ, ఆ పిల్లను మళ్ళీ పడవెక్కించమని బతిమాలింది.

అప్పుడు ఏరన్న బొమ్మ రాజువైపు తిరిగింది.

"ప్రభూ, నన్నెందుకు పిలిపించారు?"

రాజు, బిరుదులేవీ లేనివాడిలా మెల్లగా అన్నాడు.

"చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ళో కూర్చుని నీ కథ చూశాను. నిన్ను వదలబుద్ధి కాలేదు."

తెర వెనక అంబుబాయి బొమ్మ చెయ్యి దించకుండానే ఏరన్న గొంతుతో బదులు చెప్పింది.

"వదలబుద్ధి కాకపోవడమే నాగోజీ మీకు ఇచ్చి వెళ్ళింది ప్రభూ. చెప్పాల్సింది మిగిలి ఉంటే వంద సాయంత్రాలైనా వస్తాను. నాకు మిగిలిందేమీ లేదు. నేనుంటే చిట్టి పడవెక్కదు. ఇంతకీ తాతగారి బంగారు తెడ్డు సిద్ధంగానే ఉంది. కాకపోతే అది నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. ఏం చెయ్యమంటారు?"

రాజుకు కోపం వస్తుందని పక్కనున్న మంత్రి తలదించుకున్నాడు. రాజు మాత్రం ముందు చిన్నగా, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు.

"వెళ్ళిరా ఏరన్నా. నీ చేతిలో ఉన్న తెడ్డు నీ కూతురికిచ్చి వెళ్ళు" అన్నాడు.

అంబుబాయి అలాగే ఆడింది. చిట్టి పడవ ఏరు దాటేదాకా జనం కదల్లేదు.

మర్నాడు రాజు ఆమెను సభకు పిలిచి పట్టుశాలువా కప్పాడు. ఏరన్న కథ మూడు సాయంత్రాలేనని శాసనం వేయించాడు. ఇంకేం కావాలో కోరుకోమంటే, కొత్త బొమ్మలకు మేకతోళ్ళు కావాలంది. తాను ఇంకో కథ అల్లుతున్నానని చెప్పింది.

రాజు ముందుకు వంగి, ఎవరూ వినకుండా అడిగాడు.

"అందులో మా తాతగారు ఉంటారా?"

"ఉంటారు ప్రభూ. రెండో సాయంత్రం పోతారు."

రాజు ఆ రోజంతా ఆ మాట తలుచుకుని నవ్వుతూనే ఉన్నాడు. తోళ్ళు మాత్రం సాయంత్రానికల్లా రెండు బళ్ళ నిండా ఆమె ఇంటికి చేరాయి.