చవకలో మంచి తుపాకి

నా బత్తాయి తోటలో నేను లేనప్పుడు ఎవడో తిరుగుతున్నాడు. పాకలో సామాను పెట్టినచోట ఉండటం లేదు. నా అనుమానమంతా తమ్ముడు సుంకన్న మీద. భాగాలు పంచుకున్నప్పటి నుంచి వాడు నాతో సరిగా మాట్లాడింది లేదు.

అందుకే ఆదోనిలో వజీర్ సాబ్ దుకాణానికి పోయాను. తుపాకులు బాగుచేసే ఉస్తాద్, నాకు గురి నేర్పిన గురువు. ఆయన శిష్యుల్లో నన్ను మించినవాడు మూడు జిల్లాల్లో పుట్టలేదు. ఎగిరే గువ్వకు ఏ ఈక రాల్చాలో చెబితే ఆ ఈకే రాల్చేవాణ్ణి. గువ్వ మాత్రం తన దారిన తాను పోయేది!

"ఉస్తాద్, ప్రాణరక్షణకు ఒక తుపాకి కావాలి. చేతిలో ఉన్నది తక్కువ. చవకలో గట్టిది చూడండి."

"ఎవరి నుంచి రక్షణ, బేటా?"

"మా తమ్ముడే అనుకోండి."

ఆయన మూడు పాతవి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక రైఫిలు, ఒక జోడు గొట్టాలది, ఒక ఒంటి గొట్టంది. మూడూ విప్పి, లోపల తూటాలు లేవని చూపించాడు. నేను మళ్లీ విప్పి చూశాను. చవకగా ఇస్తున్నాడంటే గురువునైనా ఎట్లా నమ్మేది?

"ఆ మూల కూర్చో. గుమ్మం పరదా కదిలితే దొంగ వచ్చాడనుకో. నీ చేతికి ఏది లొంగుతుందో తేలిపోతుంది."

పరదా కదిలింది. రైఫిలు ఎత్తాను. టక్! టీకొట్టు నాగిరెడ్డి కెటిల్ పట్టుకుని కొయ్యబారిపోయాడు.

"పాపం, నాగిరెడ్డి పోయాడు. అది కాస్త బరువు," అన్నాడు ఉస్తాద్.

మళ్లీ కదిలింది. జోడు గొట్టాలదాంతో టక్, టక్! ఉస్తాద్ భార్య ఖైరూన్‌బీ.

"నీ చెయ్యి పడిపోను! ఏడేళ్లు నా చేతి రొట్టె తిన్నావు కదరా, మద్దిలేటీ!" అని తిట్టుకుంటూ లోపలికి పోయింది.

"ఇంకా వేగం కావాలా?"

"కావాలి, ఉస్తాద్."

ఒంటి గొట్టంది అందించాడు. పరదా అంచు వణికిందో లేదో, టక్! ఆ వేగానికి మెరుపు కూడా సిగ్గుపడాలి.

"ఇదే, ఉస్తాద్! సూటిగా గుండెలో! కట్టివ్వండి!"

పరదా తొలగింది. సుంకన్న. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"తుపాకి కొనేకి పోయినావని వదిన చెప్పిందిన్నా. లైసెన్సు పాకలోనే మరిచినావు. చెదలు పట్టిన మూల నుంచి నీ సామాను జరుపుతాంటే కనబడింది. ఇది లేకుంటే నీకెట్ల ఇస్తారు?"

ఉస్తాద్ ఆ కాగితం అందుకున్నాడు. మడతలు విప్పి నిదానంగా చదివాడు. తర్వాత, నేనింకా గుమ్మం వైపే పట్టుకుని ఉన్న తుపాకిని చూశాడు.

"కాగితం సరిగానే ఉంది, మద్దిలేటీ. గురి కూడా సరిగానే ఉంది. కట్టమంటావా?"