మూడడుగుల రేవు

పూర్వం హిమాలయాల నడుమ శ్వేతసరమనే సరస్సు ఒడ్డున భూపసేనుడనే రాజు ఉండేవాడు. చలికాలమంతా ఆ సరస్సు రాయిలా గడ్డకట్టేది. అది కరిగేలోగా కొండదేవతను పల్లకిలో మంచుమీదుగా అవతలి ఒడ్డున ఉన్న పుట్టింటికి చేర్చడం ఆచారం. ఎప్పుడు కరుగుతుందో గ్రహాలను చూసి చెప్పేవాడు ఆస్థాన జ్యోతిష్కుడు వ్యోమకేశుడు. పదకొండేళ్ళుగా ఆయన చెప్పిన రోజున సరస్సు ఒక్కసారీ కరగలేదు. ప్రతిసారీ తప్పు సరస్సుదేనని సభలో తేల్చారు.

ఆ ఏడు పల్లకికి ఆనాటి నుంచి పదో రోజు ముహూర్తం పెట్టారని వినగానే సునైన సభకు వచ్చింది. ఆమె రోజూ మంచు పగలగొట్టి నీళ్ళు తోడుకునే ఇల్లాలు. ఆమె భర్త మోహరు పల్లకి మోసే పదహారుమందిలో ఒకడు.

"జోస్యులుగారూ, ఎనిమిది రోజులు దాటితే ఆ మంచు మనిషిని మోయదండీ" అంది.

"ఏ శాస్త్రం చదివావమ్మా?"

"నీళ్ళు మోస్తానండీ. నెల కిందట గొడ్డలితో ఎంత కొడితేనో గుంట పడేది. ఇప్పుడు సాయంత్రం వదిలిన గుంట తెల్లారేసరికి మీగడంత పొరైనా కట్టడం లేదు. తెల్లటి మంచు నల్లబడింది. కొడితే నానిన చెక్కలా మోగుతోంది."

"ఆడదాని గొడ్డలి గ్రహాలకు దారి చూపిస్తుందన్నమాట!" అన్నాడు వ్యోమకేశుడు. సభంతా నవ్వింది. జ్యోతిష్కుడు నవ్వుతున్నాడని నిర్ధారించుకున్నాక రాజూ నవ్వాడు.

ఇంటికొచ్చాక మోహరు తల పట్టుకున్నాడు. "నా పరువు తీశావే! ఇప్పుడు వెళ్ళనంటే పిరికివాడంటారు."

"అననీ. పిరికివాడి పెళ్ళాంగా బతకడానికి నాకేం అభ్యంతరం లేదు."

తొమ్మిదో రోజూ మంచు పైకి చెక్కుచెదరకుండానే ఉంది. ఊళ్ళోవాళ్ళు సునైనను చూసి ముసిముసిగా నవ్వారు. పదో రోజు పొద్దున బోయీలు లేచేసరికి పదహారు జతల గొర్రెబొచ్చు జోళ్ళూ మాయమయ్యాయి. వాళ్ళ భార్యలు వాటిని మూటగట్టి, ఒడ్డు నుంచే మంచుమీదికి దూరంగా విసిరేశారు. పదహారుమంది వీరులూ ఒంటికాలిమీద గెంతుతూ నిలబడ్డారు.

"ముహూర్తం దాటిపోతోంది!" అని వ్యోమకేశుడు రంకెలు వేశాడు.

"తమరి కాళ్ళకు జోళ్ళున్నాయిగా, వెళ్ళి తెచ్చిపెట్టండి" అంది సునైన.

అందరూ చూస్తుండగా వెనక్కి తగ్గలేక ఆయన గంభీరంగా కదిలాడు. ఒకటి, రెండు, మూడు. మూడో అడుగుకు మంచు విరిగి ఆయన చంకలదాకా మునిగిపోయాడు. సునైన బొక్కెన తాడు విసిరింది. పదహారుమంది ఆడవాళ్ళూ కలిసి లాగితే ఆయన ఒడ్డున పడ్డాడు.

"గణితంలో... మూడడుగులే... తేడా వచ్చింది" అన్నాడు చలికి పళ్ళు టకటకలాడుతుంటే.

ఆ చోటును ఇప్పటికీ మూడడుగుల రేవు అంటారు. ఆ ఏడు దేవత పడవలో పుట్టింటికి వెళ్ళింది. సునైన పోయాక రేవులో ఆమెకు గుడి కట్టారు. బతికున్న ఆమె మాట వినడంకన్నా అది వాళ్ళకు సులువైంది. అయితే ఆనాటి నుంచి పల్లకి రోజును నీళ్ళు తోడే ఆడవాళ్ళే చెబుతారు, జ్యోతిష్కుడు పంచాంగంలో రాసుకుంటాడు. మంచుమీద మొదటి మూడడుగులూ ఆయనే వెయ్యాలి. నడుముకు కట్టిన తాడు రెండో కొస ఊరి ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది. కాలు కదిపేముందు ఆయన వెనక్కి తిరిగి, చేతులు జోడించి, "అమ్మా, నామీద కోపమేమీ లేదు కదా?" అని అడుగుతాడు. ఆ ఉత్సవంలో భక్తిగా పలికే మంత్రం అదొక్కటే.