రెక్క కింద కత్తి

వీరన్న దొడ్డిలోకి కొత్తగా వచ్చిన కాకిడేగ మామూలు పుంజు కాదు. పందెం బరిలోంచి పారిపోయి వస్తూ, కాలికి కట్టిన కత్తిని కూడా వెంట తెచ్చుకున్నాడు. దాన్ని రెక్క కింద దాచుకుని తిరిగేవాడు. గింజల దగ్గర ఎవరైనా అడ్డొస్తే చాలు, రెక్క కాస్త ఎత్తి తళుక్కున చూపించేవాడు. మొన్న అలా రెక్క విసిరినప్పుడు కత్తి తగిలి చుక్కపెట్ట చిన్నపిల్ల తోక ఈకలు రెండు ఎగిరిపోయాయి. ఇంకో వేలెడు పక్కకు తగిలుంటే పిల్లే పోయేది. తెల్లారగానే చుక్కపెట్ట దొడ్డికి పెద్ద అయిన ఎద్దు తాతతో మొరపెట్టుకుంది.

“నేనెవర్నైనా చంపానా?” కాకిడేగ రొమ్ము విరుచుకున్నాడు. “నా కత్తి, నా రెక్క. మధ్యలో నీకేంటి తాతా?”

ఎద్దు తాత తీరిగ్గా నెమరు ముగించాడు. “చంపాక తీర్పు చెబితే పిల్ల తిరిగొస్తుందేంట్రా? కోపమొస్తే నీకు కళ్ళు కనపడవు. ఆర్నెల్లపాటు నువ్వు కత్తి దాచుకుని తిరగడానికి వీల్లేదు. ఇది నా ఆర్డరు.”

సాయంత్రానికి “కాలవలో పారేశా” అని చెప్పాడు పుంజు. రెక్క ఎత్తి చూసే ధైర్యం ఎవరికుంది?

మూడు రోజులు గడిచాయి. చుక్కపెట్టకు ఒకటే అనుమానం. తెల్లారుతున్నా వీడు కూయడం లేదేం? గొంతు బాగోలేదంటాడు గానీ, గింజల దగ్గర అరుపులకేం లోటు లేదు. ఆలోచించగా ఆలోచించగా తట్టింది. రెక్కలు టపటపా కొట్టకుండా ఏ పుంజైనా కూయగలడా? నవ్వాపుకుంటూ బాతు దగ్గరికి పరిగెత్తింది.

“వదినా, రేపు పొద్దున్న నువ్వే కూయాలి.”

“నేనా? నా గొంతు వింటే గేదె పాలు ఎగచేపుతుందే!”

“నాకు కావాల్సిందీ అలాంటి గొంతే.”

మర్నాడు పొద్దు పొడవగానే బాతు గోడెక్కి “క్వా... క్వా!” అంది.

“అబ్బ, పాత కూతకన్నా ఇదే కమ్మగా ఉందమ్మా!” అంది చుక్కపెట్ట. గేదె, మేకలు కూడా వంత పాడాయి.

కాకిడేగకు ఒళ్ళు మండిపోయింది. “ఇదీ ఒక కూతేనా? వినండి!” అంటూ ఒక్క గెంతులో గోడెక్కి, బాతును నెట్టేసి, రెండు రెక్కలూ టపటపలాడించి “కొక్కొరొకో!” అన్నాడు. కత్తి ఖణేల్మని రాతి మీద పడింది. ఎద్దు తాత వచ్చి దానిమీద గిట్ట మోపాడు.

పుంజు బిక్కమొహం వేశాడు. “నన్ను తరిమేస్తావా తాతా?”

“ఎందుకురా? ఆర్డరు కత్తి మీద, నీ మీద కాదు. కూసుకో, గొంతు బాగానే ఉందిగా!”

దొడ్డంతా పగలబడి నవ్వింది. కాసేపటికి సిగ్గుపడుతూనే పుంజు కూడా నవ్వాడు. చుక్కపెట్ట పిల్లల్ని ముందుకు తోలుకుంటూ, చాలా రోజుల తర్వాత హాయిగా గింజల దగ్గరికి నడిచింది.

నీతి: కోపం ఆపుకోలేనివాడి దగ్గర కత్తి లేకుండా చేస్తే, పక్కవాడికే కాదు, వాడికీ మేలే.