మెనాజులో మేనత్త

ఒకానొక రాజ్యంలో జరిగిన సంగతి ఇది. ఆ రాజ్యం పేరు, రాజుగారి వంశం నేను చెప్పను. ఇందులో రాణిగారి ప్రమేయం ఎంతో కూడా చర్చించను. గోదావరి పాయ ఒడ్డున అదొక చిన్న సంస్థానమనీ, ఆవలి ఒడ్డు ఫ్రెంచివారిదనీ తెలిస్తే చాలు.

రాజు వీరభూపతికి పరాయి మాటలంటే మోజు. ఒకనాడు ఫ్రెంచి దొర ఇచ్చిన విందులో ‘మెనాజ్’ అనే మాట విన్నారు. దొర ఓపికగా అర్థాలు చెప్పాడు. ఇల్లు దిద్దుకోవడం మెనాజ్. ఒక ఇంట కలిసి బ్రతికేవారు మెనాజ్. ఆలుమగల జంట కూడా మెనాజే. రాజుగారికి చివరి అర్థమే నచ్చింది.

మర్నాడు కొలువులో ఆజ్ఞ వెలువడింది.

“ఇకపై దివాణంలో సంసారమనే మోటు మాట వినపడరాదు. మెనాజ్ అనాలి. మెనాజ్ అంటే నేను, రాణి. తక్కినవారు పరాయివారు. విజయదశమి సాయంత్రం మేనత్తగారిని పడవ ఎక్కించి పాత బంగళాకు పంపండి.”

ఆ మేనత్త పేరు చెల్లాయమ్మగారు. తల్లి లేని రాజును చేతులమీద పెంచినది ఆమే. మంత్రిప్రగడ భైరవయ్య అనే సభాసదుడు “చిత్తం” అన్నాడు.

ఆ ఇంట ఒక ఆచారముంది. రాజు ఊరేగి వచ్చాక దిష్టి తీయనిదే గడప దాటరాదు. తీసేవారు ఆ ఇంటివారై, ఆయనకన్నా పెద్దవారై ఉండాలి. భైరవయ్య చెల్లాయమ్మగారిని దర్శించి, “అమ్మా, పండుగనాడు తమరు వాకిట్లోకి రావద్దు” అన్నాడు.

“మరి అబ్బాయికి దిష్టి ఎవరు తీస్తారయ్యా?”

“నేనూ అదే చూడదలచాను.”

విజయదశమినాడు రాజుగారు ఏనుగు దిగి గడప ముందు నిలిచారు. జరీ అంగరఖా చెమటతో తడిసింది.

“అత్తయ్య ఏది?”

“మెనాజులో తమకన్నా పెద్దవారు లేరు ప్రభూ” అన్నాడు పక్కనే ఉన్న భైరవయ్య.

“అయితే రాణిని పిలు.”

“వారు తమకన్నా చిన్నవారు. చిన్నవారు తీస్తే దిష్టి పోదని నిరుడు తమరే సెలవిచ్చారు.”

“నన్నిలా ఎండలో నిలబెడతావా?”

“దొరగారు వయసులో పెద్దవారే. కబురు పెట్టమంటారా? ఉప్పూ మిరపకాయలూ చేతిలో పెడితే, కూర ఎక్కడని అడుగుతారేమో!”

మావటి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“వేళాకోళం చాలు! అత్తయ్యను రమ్మను.”

“పరాయివారి చేత దిష్టి తీయిస్తారా ప్రభూ?”

“ఆవిడ పరాయిదెలా అవుతుందయ్యా! నాకు నడక నేర్పిన...” రాజుగారు అక్కడే ఆగిపోయారు. తరువాత వాకిలి అదిరేలా నవ్వారు.

చెల్లాయమ్మగారు గుప్పిట ఉప్పుతో వచ్చారు. “ఎందరి కళ్ళు పడ్డాయో! కదలకు అబ్బాయీ” అని గదమాయించి దిష్టి తీశారు. రాజుగారు కదలలేదు. ఆ సాయంత్రం పడవ ఖాళీగా వెళ్ళింది. రాజుగారి భుజంమీది శాలువా భైరవయ్య భుజం చేరింది.

కొన్నాళ్ళకు దొర భైరవయ్యకు ఉత్తరం వ్రాశాడు: “మీ రాజుగారి మెనాజులో ఇప్పుడు మొత్తం ఎందరు?”

భైరవయ్య కలం పట్టేసరికి, రేవులో చెల్లాయమ్మగారి ఆడపడుచు మూటాముల్లెతో పడవ దిగుతోంది. ఆమె వెనుక ఇంకెవరో దిగుతున్నారు. ఆయన కలం కింద పెట్టాడు. ఆ ఉత్తరానికి జవాబు వ్రాయనే లేదు.