పసుపు పూసుకున్న డేగపెట్ట

వరహాలమ్మ పెరట్లో అయిదు కోడిపెట్టలుండేవి. ఈకల రంగుని బట్టి డేగ, సవల, కాకి, నెమలి, పర్ల అని వాటి పేర్లు. ఆవిడ నూకలు చల్లగానే ముందు డేగపెట్ట తినాలి. అది కడుపు నింపుకుని తప్పుకున్నాక మిగతావి వరసగా. అందరికన్నా చివర పర్లపెట్ట. దాని వంతు వచ్చేసరికి తవుడూ మట్టీ మిగిలేవి.

ఇన్నాళ్ళూ పర్ల సర్దుకుపోయింది. ఇప్పుడు దాని వెనకాల ఏడు పిల్లలు.

"అక్కా, పిల్లలకి నాలుగు నూకలు వదులు" అని అడిగింది.

"కన్నది నువ్వా, నేనా?" అంటూ డేగ దాని నడినెత్తిన ఒక్కటి పొడిచింది.

రోజూ పొడిపించుకునేవాళ్ళకి అందరి ముఖాలూ బాగా తెలుస్తాయి. ఎవరికెంత దూరంలో నిలబడాలో చూసుకోవాలి కదా. పర్లకి ఇంకోటి కూడా తెలుసు. కిందటేడు కాకిపెట్ట తురాయిని కుక్క కొరికేస్తే, తోటి పెట్టలే దాన్ని పరాయి కోడి అనుకుని వారం రోజులు తరిమాయి. ఈకల రంగు మనుషులు పేర్లు పెట్టుకోడానికి. కోడికి కోడి గుర్తు తలమీది ఎర్ర తురాయే.

శుక్రవారం వరహాలమ్మ గడపకి పసుపు రాస్తూ, పాలు పొంగుతున్నాయని గిన్నె వదిలేసి లోపలికి పరిగెత్తింది.

"ఆ గడప చూడక్కా. ఉత్త చెక్కముక్క. పసుపు పడిందో లేదో, కాలు తగలకుండా దాటుతున్నారు. అదే నీ తురాయికి పడితే?" అంది పర్ల.

"పడితే?"

"నీ పక్కన నిలబడ్డానికే జంకుతారు."

"ఇప్పుడు మాత్రం జంకడం లేదేంటి?" అంటూనే డేగ గిన్నెలో తల ముంచింది.

తురాయి పచ్చగా తయారై, ముద్ద బరువుకి ఓ పక్కకి వాలిపోయింది. వరహాలమ్మ వచ్చి నూకలు చల్లగానే డేగ ఠీవిగా వాటి దగ్గరికి నడిచింది.

"ఎవర్తివే నువ్వు? ఏ వీధి మీది?" అంది సవలపెట్ట.

"నేనే, డేగని."

"మా అక్క పేరు చెప్పుకుని తిందామనా? అది చూసిందంటే నీకు ఒక్క ఈక మిగలదు" అంటూ సవల, కాకి, నెమలిపెట్ట మూడూ కలిసి దాన్ని తరిమాయి.

ఈ సందట్లో పర్ల పిల్లల్ని నూకల మీదికి తోలింది. డేగ పెరడంతా రెండు చుట్లు తిరిగి, రొప్పుతూ దాని ముందు ఆగింది.

"పర్లా, నువ్వైనా చెప్పవే, నేనెవరినో."

"నువ్వెవరివో తెలియకేం అక్కా, నా నెత్తిని అడిగినా చెబుతుంది. ముందు పిల్లల్ని తిననీ."

పిల్లలు ఆ పూట చాలా నింపాదిగా తిన్నాయి.

రేపు మనమెవరమో చెప్పాల్సినవాళ్ళ నెత్తిని ఇవాళ పొడవకూడదు.