మబ్బులో వేలాడిన మల్సూర్

మోత్కూరు పక్క పల్లెలో తాటిచెట్లెక్కి కల్లు గీసి, హైదరాబాద్‌లో అద్దాల మేడలు తుడిచే పనికొచ్చిన మల్సూర్‌కి ఒకటే రోగం ఉండేది: చచ్చినా ఎవణ్ణీ ఏదీ అడిగేవాడు కాదు.

"చెట్టు మీద ఒక్కణ్నే ఉంటుంటి. అక్కడ ఎవల్ని అడిగిన?" అని మీసం తిప్పేవాడు.

బస్సు ఎటు పోతుందో అడగడు. ఎక్కిన బస్సు ఊరంతా తిప్పి, మధ్యాహ్నానికి పని దగ్గర దింపేది. దిగి, "ఊరు చూసొచ్చిన" అనేవాడు.

వాడు తుడిచే మేడ ఎంత ఎత్తంటారా? చందమామ దాన్ని దాటాలంటే పక్కకి జరిగి పోవాల్సిందే. నమ్మకపోతే మీ ఇష్టం. నేనైతే ఓసారి తలెత్తి చూశాను, వారం దాకా మెడ కిందికి దిగలేదు.

పని ఎట్లాగంటే, చెక్కపీట మీద కూర్చుంటే పైన డాబా మీద ఒకడు తాడు వదులుతూ దించుతాడు. గోడ పొడుగునా ఇట్లాంటి పీటలు బోలెడు. అందుకని కింది మనిషి పైవాణ్ణి పేరు పెట్టి పిలవాలి. ఎవడి పేరు వినబడితే వాడే తాడు ముట్టుకోవాలి. మల్సూర్ మాత్రం పిలిచేవాడు కాదు, పీటకి కట్టిన సైగతాడు గుంజి పైకి తెలిపేవాడు. పైనుంచి తనని దించే ముసలాయన పేరైనా కనుక్కోలేదు.

అద్దంలో ఇంకో ఆకాశం ఉండేది. అందులో ఇంకో మల్సూర్ వచ్చి అటువైపు నుంచి తుడిచేవాడు. కొంగలు ఆ ఆకాశంలోకి పోయి, ఈ ఆకాశంలోంచి వచ్చేవి. ఊళ్లో మాట్లాడేందుకు వాడికి ఆ అద్దంలోవాడు ఒక్కడే.

ఒక వానకాలం పొద్దున మబ్బొకటి వచ్చి మేడ మీద బర్రెలాగ పడుకుంది. ఊరు లేదు, రోడ్డు లేదు, చివరికి అద్దంలోవాడు కూడా లేడు. అంతా పాలనురుగు. అప్పుడే సైగతాడు అద్దం అంచున ఇరుక్కుంది. పీట ఓ పక్కకి ఒరిగింది. సబ్బునీళ్ల బకెట్ జారిపోయింది. అది నేలకి తగిలిన చప్పుడు ఇప్పటిదాకా ఎవరూ వినలేదు!

పీట ఇంకా దిగుతూనే ఉంది, ఇంకా ఒరుగుతూనే ఉంది. మల్సూర్ గుంజాడు. పైకి తెలియలేదు. ఇక నోరు తెరవక తప్పలేదు. కానీ ఏమని పిలవాలి?

"అన్నా! ఆపే! పైకి గుంజు!"

హైదరాబాద్‌లో అన్న కానివాడెవడు? కింద ఆటోలన్నీ టక్కున ఆగాయి.

"నన్నేనా?" అన్నాడొకడు డాబా మీద.

"నన్నే అనుకుంట!" అన్నాడింకొకడు.

మబ్బులో మిగతా పీటలన్నీ సర్రున పైకి పోయాయి. మల్సూర్ పీట ఒక్కటే కిందికి! తననెన్నడూ పిలవనివాడు ఇవాళ పిలుస్తాడని ముసలాయన అనుకోలేదు మరి.

మల్సూర్ చేతులు జారుతున్నాయి. అప్పుడు మబ్బులోంచి, ఇంటి వాకిట్లో నిలబడి పిలిచినంత మెల్లగా, ఒక పిలుపు దిగింది.

"మల్సూరూ... నువ్వేనా బిడ్డా?"

"నేనే! నేనే!"

తాడు ఆగింది. పీట మెల్లగా పైకి తేలింది. డాబా మీద పడి, ముసలాయన కాళ్లు పట్టుకుని మల్సూర్ అన్నాడు, "నా పేరు నీకెట్ల ఎర్కనే?"

"నువ్వొచ్చిన నాడే మేస్త్రీని అడిగిన. మబ్బులకి దించే మనిషి పేరు తెల్వకుంటే, మళ్ల ఎట్ల పిలుచుకోవాలె?"

మల్సూర్ తల దించుకున్నాడు. ఆ ఊళ్లో మొట్టమొదటిసారి ఒక మనిషి పేరు అడిగాడు.

"నీ పేరేందే, పెద్దాయనా?"

"కుర్మయ్య. పాలమూరోణ్ని. ఇంత అడగనీకి మబ్బు రావాల్నారా?"

ఆ సాయంత్రం బస్సులో కండక్టర్ పేరడిగాడు, పక్క సీటాయన పేరడిగాడు. ఊరు చిన్నదై చిన్నదై, దిగేసరికి వాళ్ల పల్లె అంత అయింది.

కొత్త చోట అడగడం నామోషీ కాదు. పక్కవాడి పేరు అడిగి తెలుసుకున్నవాడికే ఎంత పెద్ద ఊరైనా తోడు నిలుస్తుంది.