సంచిలోకి తొంగిచూసే కమ్మరి

"సోమలింగం! ఓ సోమలింగం! పొద్దు గుట్ట దిగితే కోట తలుపు మూసేస్తారు. వస్తున్నావా, లేదా?"

ఫోనులోంచి జింకపిల్ల పొన్నారి గొంతు వినగానే ఎద్దు సోమలింగం నెమరు ఆపేశాడు.

అడవి పక్కన సెల్ టవరు లేచినప్పటినుంచీ జంతువులన్నీ ఫోన్లలో ఆడుతున్న ఆట అది. అందులో వెండికోట ఉంది. జంటగా వస్తేనే లోపలికి రానిస్తారు, ఇద్దరి కత్తులూ ఏడో మెట్టుకి చేరి ఉండాలి. పొన్నారి కత్తి ఎప్పుడో చేరింది. సోమలింగానిది ఆరు దగ్గరే ఆగిపోయింది. ఈ సాయంత్రంతో ఆ కోట ఆటలోంచే పోతుంది. లోపల నడిచే దారంతా వెన్నెల రంగు పూలట. ఆ దారిలో పొన్నారి పక్కన నడవాలని మూడు నెలలుగా వాడి కల.

కత్తి మెట్టు పెంచాలంటే ఆటలోనే కొలిమి పెట్టిన నక్క జంబన్నకి నీలిరాళ్ళు ఇవ్వాలి. రాళ్ళ గని కూడా జంబన్నదే. ఎవరు తవ్వినా సగం తనకే.

"ఎన్ని రాళ్ళన్నా?" అన్నాడు సోమలింగం.

జంబన్న వాడి సంచిలోకి తొంగిచూశాడు. "నలభై అయిదు."

"నలభయ్యే ఉన్నాయి. నిన్న ముప్ఫై తెస్తే ముప్ఫై అయిదన్నావుగా?"

"నిన్నటి నిప్పు వేరు, ఇవాళ్టి నిప్పు వేరు తమ్ముడూ. నీ ఒళ్ళు చూసుకున్నావా? అంత ఒంటికి ఎంత కత్తి కావాలి! వెళ్ళు, ఇంకాస్త తవ్వుకురా."

తప్పు తన ఒంటిదే కాబోలనుకుని సోమలింగం గనివైపు తిరిగాడు. దారిలో తాబేలు నిమ్మళమ్మ ఎదురొచ్చింది.

"అంత మొహం వేలాడేశావేం నాయనా? నా దగ్గర ఒకటే రాయుంటే ఆ జంబన్న ఆరడిగాడు. ఈ ముసలి కాళ్ళతో ఇంకో అయిదెక్కడ తవ్వను?"

సోమలింగం ఆగాడు. మేసిన గడ్డిని నెమరేసినట్టే విన్న మాటల్నీ మెల్లగా నెమరేశాడు. ఒకటుంటే ఆరు. ముప్ఫైకి ముప్ఫై అయిదు. నలభైకి నలభై అయిదు.

"పొన్నారీ, నా రాళ్ళన్నీ కాసేపు నీ దగ్గరుంచు" అని ఇచ్చేసి, ఖాళీ సంచితో కొలిమికి వెళ్ళాడు.

జంబన్న తొంగిచూసి నాలిక చప్పరించాడు. "అయ్యో పాపం, ఏమీ లేదే! పోనీలే, అయిదు తవ్వుకురా చాలు."

"మాట తప్పవుగా అన్నా?"

"ఈ కొలిమి మీద ఒట్టు."

"పొన్నారీ, అయిదిలా తే."

జంబన్న తోక బిగుసుకుపోయింది. "ఆగాగు, నిప్పు ఇంకా..."

"అందరి మైకులూ తెరిచే ఉన్నాయన్నా. నీ ఒట్టు అడవంతా విన్నది."

పొన్నారి ఇచ్చిన అయిదు రాళ్ళూ నిప్పులో వేసి జంబన్న సుత్తెత్తాడు. ఏడో దెబ్బకి కత్తి నీలంగా వెలిగింది. పొన్నారి నవ్వి కోట తలుపు దగ్గర చెయ్యి చాపింది. సోమలింగం అడుగు వెయ్యబోతుంటే వెనక నిమ్మళమ్మ గొంతు వినిపించింది.

"అదే కత్తి, అదే మెట్టు. మొహానికో లెక్క చెబితే అది కొలిమి కాదు జంబన్నా, వల. ఇప్పుడైనా నోరు విప్పు."

జంబన్న సుత్తి కింద పెట్టాడు.

"నేనెప్పుడూ కత్తి వంక చూడలేదమ్మా. ఎవరి సంచిలో ఎన్నుంటే, వాటికి అయిదు కలిపి అడిగాను."